గంటల లెక్క, కూలి లెక్క

2023వ సంవత్సరం అక్టోబరు మాసంలో ఇన్ఫోసిస్ సంస్థ స్థాపకులలో ఒకరైన ఎన్. ఆర్. నారాయణమూర్తి ఒక సంభాషణలో, భారతదేశ యువకులు వారానికి 70 గంటలు పనిచేయవలెనని, రెండవ ప్రపంచ యుద్ధానంతరం జర్మనులూ జపానీయులూ చేసినది సరిగ్గా అదేనని అన్నారు. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ అధ్యక్షుడు ఆ సంఖ్యను 90కి పెంచి, ఆదివారంనాడు ఉద్యోగులచేత పని చేయించలేకపోతున్నందుకు విచారం వెలిబుచ్చారు. వేలంపాటలో వలె సంఖ్య పెరిగినది. పాట పాడినవారు స్వయంగా కష్టజీవులు కారని ఎవరూ అనరు. వారు తమ కష్టాన్ని గురించి చెప్పి ఊరుకున్నట్లయితే చర్చకు తావే లేకపోయెడిది. కాని చెప్పినది ఒక దేశాన్ని మరొక దేశంతో పోల్చి చెప్పిన మాట. ఆ మాట పత్రికలలోను, కళాశాల ఉపన్యాసాలలోను, భోజనాల వేళ తండ్రులు కొడుకులకు చేసే హితబోధలలోను నిరాఘాటంగా చెలామణీ అవుతున్నది. కనుక దానిని పరీక్షించవలసి ఉన్నది.

రెండు దేశాల శ్రమను పోల్చడం దోషం కాదు. పోల్చనిదే చాల సంగతులు తెలియవు. కాని పోలిక అన్నది తక్కెడ వంటిది. దానికి రెండు పళ్లాలు ఉంటవి. ఒక దానిలో పని గంటలు వేసినప్పుడు రెండవ దానిలో కూలి వేయవలెను. యజమాని పక్షాన వాదించేవారు శతాబ్దంన్నరగా చేస్తున్న పని ఏమనగా, కూలి పెంచుమని అడిగినప్పుడు భారతదేశపు బీదతనాన్ని చూపుతారు. గంటలు తగ్గించుమని అడిగినప్పుడు పరదేశపు కాయకష్టాన్ని చూపుతారు. ఒకే నోటితో రెండు దేశాలనూ సాక్ష్యానికి పిలుస్తారుగాని ఏ సాక్షినీ పూర్తిగా మాటాడనివ్వరు. ప్రస్తుత వాదంలో జర్మనీనుండి దిగుమతి అయినవి గంటలు మాత్రమే. ఆ గంటలకు అక్కడ ముట్టిన కూలి, సెలవు, వైద్యం, వార్ధక్య భృతి రేవులోనే ఆగిపోయినవి. విచారించి చూచినచో ఆ గంటలు కూడా అసలు సరుకు కాదని తేలుతున్నది.

యుద్ధంలో ఓడిన జర్మనీని ఆక్రమించిన నాలుగు రాజ్యాల నియంత్రణ మండలి 1946 జనవరిలో ఒక ఆదేశం జారీ చేసి, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు సాధారణ పనికాలంగా నిర్ణయించినది. నగరాలు ఇటుకల దిబ్బలై, ప్రజలు రేషను చీట్లమీద బ్రతుకుతున్న రోజులలోనే ఆ ఆదేశం వచ్చినది. తరువాత పదేండ్లలో పశ్చిమ జర్మనీ పరిశ్రమలలో సగటు పనివారం ఆ 48 గంటల చుట్టుపట్లనే ఉన్నది. శిథిలాలను చేతులతో ఎత్తిపోసిన స్త్రీలు, రెండు పనులు చేసి పిల్లలను సాకిన తల్లులు లేకపోలేదు. వారి కష్టం వారానికి ఎన్ని గంటలో ఎవరూ లెక్కవేయలేదు. కాని ఒక జాతి యావత్తూ వారానికి 70 గంటలు కర్మాగారాలలో నిలబడి దేశాన్ని లేవనెత్తినదన్న కథకు ఆ దేశపు పనికాలపు లెక్కలలో ఆధారం లేదు.

ఆ కథలో లేని మరొక సంగతి, కష్టపడిన ఆ జర్మనులు నోరు మూసుకొని కష్టపడలేదు. 1948 జూన్‌లో ద్రవ్య సంస్కరణ జరిగి కొత్త మార్కు వచ్చినది. అంగళ్లు సరుకులతో నిండినవి, ధరలు పెరిగినవి, కూలి మాత్రం కట్టివేసినట్లే ఉండినది. అదే సంవత్సరం నవంబరు 12వ తేదీన అమెరికా, బ్రిటిషు ఆక్రమణ మండలాలలో 90 లక్షలకు పైగా కార్మికులు ఒక దినం సార్వత్రిక సమ్మె చేశారు. దేశభక్తికి ఆదర్శంగా ఈనాడు ఉదాహరిస్తున్న తరం అదే. ఆ సమ్మె కారణంగా జర్మనీ కుంగిపోయినదని ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు.

1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమల పర్యవేక్షక మండళ్లలో కార్మిక ప్రతినిధులకు వాటాదారులతో సమాన సంఖ్యలో స్థానాలు కల్పిస్తూ శాసనం వచ్చినది. ఆ శాసనం రాకపోతే సమ్మె చేయుదుమని గని కార్మికులూ లోహ కార్మికులూ ముందే ఓట్లు వేసి తీర్మానించుకొని ఉన్నారు. తరువాత వారు పని గంటల మీదికి వచ్చారు. వారానికి అయిదు దినాలు, నలభై గంటలు అన్నది వారి కోరిక. శనివారంనాడు తండ్రి తనకు కావలెనని ఒక చిన్న పిల్లవాడు కోరుతున్నట్లుగా 1956లో కార్మిక సంఘాల సమాఖ్య వేసిన గోడపత్రిక ఆ దేశమంతటా ప్రసిద్ధమైనది. ఆ సంవత్సరం అక్టోబరు నుండే లోహ పరిశ్రమలో పనివారం 48నుండి 45 గంటలకు తగ్గినది. కూలిలో కోత పడలేదు. అదే నెలలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతంలో లోహ కార్మికులు సమ్మెకు దిగి 114 దినాలు నిలిచారు. వారు అడిగినది హెచ్చు కూలి కాదు. జబ్బుపడిన కార్మికునికి, గుమాస్తాకు ఇచ్చినట్లే, జీతం ఇవ్వవలెనని. 1957లో పార్లమెంటు ఆ కోరికను చాలవరకు అంగీకరించినది. 1969 శాసనంతో ఆరు వారాల పూర్తి వేతనం హక్కు అయినది. 1967లో లోహ పరిశ్రమకు 40 గంటల వారం వచ్చినది. 1984లో మరొక పెద్ద సమ్మె, 1995లో పశ్చిమ ప్రాంతపు లోహ పరిశ్రమలో 35 గంటల వారం.

ఈ క్రమాన్ని గమనించినవారికి ఒక సంగతి స్పష్టం. జర్మనీ ఎదుగుదల అంతా గంటలు తగ్గుతూ వచ్చిన కాలంలోనే జరిగినది. 1950-60 దశాబ్దంలో ఆ దేశపు ఉత్పత్తి ఏటా సుమారు 8 శాతం చొప్పున పెరిగినది. ఆ దశాబ్దంలోనే శనివారపు సెలవు వచ్చినది. గంటలు తగ్గినందువల్లనే ఉత్పత్తి పెరిగినదని చెప్పడం కూడా అతిశయోక్తి కావచ్చును. మార్షల్ సహాయంగా సుమారు 140 కోట్ల డాలర్లు అందినవి. 1953 లండను ఒప్పందం ఆ దేశపు విదేశీ ఋణాలను ఇంచుమించు సగానికి తగ్గించినది. బాంబులు ఇండ్లను కూల్చినంతగా యంత్రాలను కూల్చలేదు. తూర్పు నుండి తరుమబడి వచ్చిన లక్షలాది కాందిశీకులలో చేతిపని నేర్చినవారు అనేకులు. పని నేర్పే పద్ధతి ఆ దేశంలో తరతరాల నాటిది. జబ్బుకు, ప్రమాదానికి, వార్ధక్యానికి బీమా శాసనాలు 1883, 1884, 1889 సంవత్సరాలలోనే ఉండినవి. ఇన్ని కారణాలు కలిసిన ఫలితాన్ని పట్టుకొని, ‘చూచితిరా, గంటలు!’ అనడం, పాయసంలో పాలు, బియ్యం, బెల్లం అన్నీ విడిచి గరిటెను పొగడినట్లు ఉన్నది.

ఇప్పుడు తక్కెడకు ఇటువైపు చూడవలెను. జర్మనీలో 48 గంటల ఆదేశం వచ్చిన 1946లోనే భారతదేశంలో కర్మాగారాల సవరణ శాసనం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని నిర్ణయించినది. ఆనాడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ నిర్వహించినవారు డాక్టర్ అంబేద్కర్. 1948 కర్మాగారాల చట్టం ఆ హద్దునే స్థిరపరచినది. దానిని మించిన పనికి రెట్టింపు కూలి ఇవ్వవలెనన్నది. అనగా, కాగితంమీద ఈ రెండు దేశాలూ ఒకే సంవత్సరం ఒకే గీటు దగ్గర నిలిచినవి. ఒకటి ఓడిపోయిన దేశం, ఒకటి స్వాతంత్ర్యపు గడప దగ్గర ఉన్న దేశం. అక్కడినుండి ఒక దేశం 40కి, 35కి దిగినది. ఇంకొక దేశంలో 48 ఎనిమిది దశాబ్దాలు కదలలేదు; ఇప్పుడు కదిలితే పైకే కదలవలెనని పెద్దలు సెలవిస్తున్నారు.

ఆ 48 కూడా ఎవరి దయాభిక్ష కాదు. 1881లో వచ్చిన మొదటి కర్మాగారాల శాసనం ఏడేండ్లు నిండిన పసిపిల్లలను తొమ్మిది గంటలు పనిచేయించడానికి అనుమతించినది. పెద్దవారి గంటలకు హద్దే పెట్టలేదు. బొంబాయి బట్టల మిల్లులలో ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకేవరకు పని. వేసవిలో ప్రొద్దు పెద్దది గనుక కార్మికుని దినమూ పెద్దదే. సూర్యుని గడియారంగా వాడుకొన్న యజమానులు ఆ సూర్యునికిగాని కార్మికునికిగాని విశ్రాంతి ఉంటుందని తలచలేదు. 1884లో నారాయణ మేఘాజీ లోఖండే బొంబాయి కార్మికులను సమీకరించి 5,500 మంది సంతకాలతో విజ్ఞాపన పంపినాడు. అందులో మొదటి కోరిక వారానికి ఒక సెలవు. 1890 ఏప్రిల్‌లో పదివేల మంది కూడిన సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. ఆ జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవునకు ఒప్పుకొన్నారు. 2025లో ఒక సంస్థాధిపతి చేజారినదని విచారించిన ఆదివారం ఇదే. అది పంచాంగంలో పుట్టలేదు.

1918 ఏప్రిల్‌లో మద్రాసులో బి. పి. వాడియా అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినప్పుడు బకింగ్‌హాం, కర్ణాటక మిల్లుల కార్మికుల మొదటి ఫిర్యాదులలో ఒకటి, భోజన విరామం చాలదన్నది. అన్నం తిని చేయి కడుగుకొనే వ్యవధి కోసం ఒక సంఘం పెట్టుకోవలసి వచ్చినది. ఆ సంవత్సరమే నవంబరులో, కైజరు పదవీచ్యుతుడైన కొద్ది దినాలకు, జర్మనీలో ఎనిమిది గంటల దినం శాసనమైనది.

1919లో వాషింగ్టనులో కూడిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ ఎనిమిది గంటల దినాన్ని, 48 గంటల వారాన్ని ప్రపంచానికి ప్రమాణంగా ప్రకటించినది. ఆ ప్రమాణపత్రంలోనే భారతదేశానికి వేరొక అధికరణం ఉన్నది: వారానికి 60 గంటలు. జపానుకు 57. భారత కార్మికుల ప్రతినిధిగా ఎన్. ఎం. జోషి ఆ సభలో ఉన్నారు. ఇట్టి మినహాయింపులకు శాంతి ఒడంబడిక చూపిన కారణాలలో శీతోష్ణస్థితి ఒకటి, పారిశ్రామిక వ్యవస్థ పూర్తిగా వికసించకపోవడం మరొకటి. ఎండలు మండే దేశంలో మనిషి చలిదేశపు మనిషికంటె పన్నెండు గంటలు హెచ్చుగా పనిచేయగలడని ఏ వైద్యశాస్త్రం చెప్పినదో తెలియదు. ఆ తర్కం ప్రకారం భారతీయుడు నెమ్మదిగా పనిచేస్తాడు, కనుక హెచ్చుకాలం పనిచేయవలెను. హెచ్చుకాలం పనిచేసి అలసిపోతాడు, కనుక నెమ్మదిగా పనిచేస్తాడు. ఈ గానుగ చుట్టూ వాదం తిరుగుతూనే ఉన్నది. అప్పుడు దానిని త్రిప్పినవారు ఆంగ్ల ప్రభుత్వ ప్రతినిధులు, మిల్లు యజమానులు. ఇప్పుడు త్రిప్పుతున్నవారు స్వదేశీయులు.

రెండు దేశాల శ్రమ కేవలం పుస్తకాలలోనే కాక ఒకే ఆవరణలో ప్రక్కప్రక్కన నిలిచిన సందర్భం కూడా ఉన్నది. ఒరిస్సాలోని రూర్కెలా ఉక్కు కర్మాగారం పశ్చిమ జర్మనీ సహకారంతో, క్రుప్, డెమాగ్ సంస్థల ఆధ్వర్యంలో కట్టబడినది. దాని మొదటి ఊదు కొలిమిని 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. జర్మన్ నిపుణులకు ప్రత్యేక నివాసాలు, క్లబ్బు ఏర్పడినవి. ఆ స్థలంనుండి తొలగింపబడిన ఆదివాసులు కొందరు కూలీలై ఆ కొలిమికే మట్టి మోశారు. కొలిమి వేడి ఇద్దరికీ ఒక్కటే. ఇనుము కరగడానికి జర్మనుడు ఎదుట ఉంటే ఒక ఉష్ణోగ్రత, ముండా, ఒరావు జాతుల కూలీ ఎదుట ఉంటే మరొక ఉష్ణోగ్రత అవసరం కాలేదు. జర్మనీనుండి యంత్రాలు వచ్చినవి, నమూనాలు వచ్చినవి, నిపుణులు వచ్చారు. ఆ దేశంలో అప్పటికి ఎనిమిదేండ్లుగా అమలులో ఉన్నది, ఉక్కు కర్మాగారపు మండలిలో కార్మికునికి సగం స్థానాలు ఇచ్చేది, ఆ శాసనం మాత్రం ఓడ ఎక్కలేదు. 1976లో యాజమాన్యంలో కార్మికుల పాలు గురించి ఒక అధికరణం భారత రాజ్యాంగపు ఆదేశిక సూత్రాలలో చేరినది. అది నేటికీ సూత్రంగానే ఉన్నది.

ఇక కూలి పళ్లెం. 2025లో జర్మనీలో శాసన ప్రకారం కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. ఆ సంవత్సరపు మారకం విలువలో అది వెయ్యి రూపాయలు దాటుతుంది. భారతదేశంలో కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన జాతీయ కనీస స్థాయి రోజుకు 178 రూపాయలు. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు ఇరవైరెండు రూపాయల పావలా. మారకం విలువతో పోల్చడం మోసమని, ఇక్కడ క్షవరమూ ఇంటి అద్దె చవుక అని వెంటనే ఆక్షేపణ వస్తుంది. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కనుక రూపాయలను, యూరోలను ప్రక్కన పెట్టి పాలచెంబుతో కొలవవచ్చును. జర్మనీలో లీటరు పాలు సుమారు ఒక యూరో. కనీస కూలి తీసుకొనే మనిషి అయిదు నిమిషాలు పనిచేస్తే బిడ్డకు లీటరు పాలు వస్తవి. భారతదేశంలో లీటరు పాలు సుమారు 60 రూపాయలు. ఆ జాతీయ స్థాయి కూలి మీద రెండు గంటల నలభై నిమిషాలు పనిచేయవలెను. చాల రాష్ట్రాలలో కనీస కూలి దీనికంటె హెచ్చు, అది నిజం. రోజుకు 400 రూపాయలనే లెక్క వేసినా గంట పన్నెండు నిమిషాలు. అక్కడ అయిదు నిమిషాలు, ఇక్కడ గంట పన్నెండు నిమిషాలు: తండ్రులు కొడుకులకు జర్మనీ కథ చెప్పేటప్పుడు ఈ పాలచెంబును కూడా చూపితే బాగుండును.

కాని నారాయణమూర్తి చెప్పినది బట్టీ కూలీలకు కాదు, చదువుకొన్న యువకులకు అని సమాధానం చెప్పేవారు ఉన్నారు. వారి లెక్కా చూడవచ్చును. పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో కొత్తగా చేరే పట్టభద్రునికి ఏటా మూడు, మూడున్నర లక్షల జీతం పుష్కరకాలంగా పరిపాటి అయి ఉన్నది. ఏడాదికి 50 వారాల చొప్పున, వారానికి 40 గంటలు పనిచేస్తే మొత్తం 2,000 గంటలు. మూడున్నర లక్షలను భాగిస్తే గంటకు 175 రూపాయలు. 70 గంటలు పనిచేస్తే 3,500 గంటలు. అప్పుడు గంటకు 100 రూపాయలు. నెలజీతగానికి రెట్టింపు కూలి నియమం ఆచరణలో వర్తించదు. ఈ హితబోధను సాదా భాషలోకి మారిస్తే, గంటకు డెబ్బయి అయిదు రూపాయలు జీతం తగ్గించుకొనుమని అర్థం. ఆ మాటను ఆ రూపంలో చెప్పుటకు ఏ యజమానికైనా నోరు రాదు. జర్మనీ పేరు, జాతి పునర్నిర్మాణం పేరు తోడైనప్పుడు వస్తుంది.

భారతీయుని ఉత్పాదకత తక్కువ, కనుక కూలి తక్కువ అన్నది ఇంకొక వాదం. ఇది మరింత పాతది, మరింత గౌరవనీయమైన దుస్తులు ధరించినది. ఉత్పాదకత అనేది మనిషి కండలో ఉండే ద్రవం కాదు. అతని చేతికి ఇచ్చిన యంత్రం, ఆ యంత్రానికి ఆగకుండా వచ్చే విద్యుత్తు, సరుకు చేర్చే దారి, అతడు నేర్చిన పని, అతని కడుపులోని అన్నం, వీటన్నిటి మొత్తానికి ఆ పేరు. పారతో త్రవ్వేవాడు యంత్రంతో త్రవ్వేవానికంటె తక్కువ త్రవ్వుతాడు. అందుకు శిక్షగా అతనిచేత పారతోనే మరి నాలుగు గంటలు త్రవ్వించడం ఉత్పాదకతను పెంచడం కాదు, యంత్రం కొనే ఖర్చును వాయిదా వేయడం. గంటలు చవుక అయినచోట యంత్రం ప్రియమవుతుంది. జర్మన్ యజమాని గంటలు తగ్గినకొద్దీ యంత్రాలు మెరుగుపరచుకొన్నది ఔదార్యంవల్ల కాదు, దారి లేక.

భారతీయుడే జర్మనీ వెళ్లినప్పుడు ఏమి జరుగుతున్నదో ఇటీవలి అనుభవం చెబుతున్నది. అక్కడ పూర్తికాలం పనిచేస్తున్న భారతీయుల మధ్యస్థ వేతనం జర్మనుల వేతనాన్ని మించి ఉన్నది. వారిలో ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు హెచ్చు గనుక ఈ పోలికను మితిమీరి లాగరాదు. నర్సుల సంగతి తీసుకొన్నచో విషయం ఇంకా తేటపడుతుంది. 1960లలోనే కేరళ యువతులు జర్మన్ ఆసుపత్రులకు వెళ్లారు. ఇప్పుడు కేరళ, తెలంగాణ ప్రభుత్వ సంస్థలే నర్సులకు భాష నేర్పించి పంపుతున్నవి. తిరువనంతపురంలోను, హైదరాబాదులోను రోగికి సూది వేసిన చేయే అక్కడా సూది వేస్తుంది. విమానం ఎక్కినంత మాత్రాన ఆమె ఎముకలు మారలేదు. మారినది చట్టం, సంఘం, డ్యూటీ పట్టిక, జీతపు చీటీ.

అసలు ఎవరికి బోధిస్తున్నారన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం భారతదేశంలో పనిచేసేవారి సగటు వారం సుమారు 47 గంటలు. సగం మందికి పైగా 49 గంటలు, అంతకు మించి పనిచేస్తున్నారు. జర్మనీలో 2023లో ఒక్కొక్కరు ఏడాదికి సగటున పనిచేసినది సుమారు 1,340 గంటలు. సగంపూట పనిచేసే స్త్రీలు అక్కడ చాలమంది ఉన్నందువల్ల ఆ సగటు తగ్గినదన్న మాట వాస్తవం. పూర్తికాలపు కార్మికుని వారం నలభై గంటల ప్రాంతంలో ఉంటుంది. అయినా డెబ్బయి కాదు. ఇటుక బట్టీలో, హోటలు వంటగదిలో, లారీ స్టీరింగు దగ్గర, ఇంటింటికీ పొట్లాలు చేరవేసే మోటారు సైకిలుమీద, కాపలా కుర్రవాడు కూర్చున్న స్టూలుమీద డెబ్బయి గంటల వారం భారతదేశంలో ఎన్నడో అమలు జరిగినది. కేవలం గంటలవల్ల ఐశ్వర్యం వచ్చేదే అయితే, పన్నెండు గంటల షిఫ్టు కాచే ఆ కాపలావాడు తాను కాచే భవనానికి యజమాని అయి ఉండవలసినది.

ఇంటిలోని గంటలు ఈ లెక్కలలో ఎక్కడా చేరవు. 2019 కాల వినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీ రోజుకు 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు ఆ పనిమీద గడుపుతున్నట్లు తేలినది. కార్యాలయంలో 70 గంటలు గడపవలసిన యువకునికి ఎవరో అన్నం వండవలెను, బట్టలు ఉతకవలెను, పిల్లలను నిద్రపుచ్చవలెను. ఆ ఎవరో ఎవరన్నది చెప్పనక్కరలేదు. ఆమె కూడా ఉద్యోగం చేస్తున్నట్లయితే, ఇంటిపనికి వారానికి 35 గంటలు పోగా మరి 70 గంటలు చేర్చుకొని 105 గంటలు మెలకువగా పనిచేయవలెను. వారానికి ఉన్నవి 168. యువకులు అని వక్త అన్నప్పుడు ఆ మాటలో యువతులు ఉన్నారా, లేక ఆ యువకులను నిలబెట్టే దూలాలుగా మాత్రమే ఉన్నారా?

దేహం సంగతికి ఎక్కువ మాటలు అక్కరలేదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం కారణంగా పక్షవాతంతోను హృద్రోగంతోను 2016లో ప్రపంచంలో 7,45,000 మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించినవి. వక్త రెండవ ఉదాహరణగా చూపిన జపానులో పని భారంతో చచ్చిపోవడానికి ప్రత్యేకంగా ఒక మాటే ఉన్నది, కరోషి. ఆ దేశం అదనపు గంటలకు 2018లో శాసనంతో హద్దు పెట్టుకోవలసి వచ్చినది.

సాహిత్యంతో సంబంధమున్నవారు పట్టించుకోవలసిన మాట ఒకటి ఉన్నది. భారత రాజ్యాంగం 43వ అధికరణంలో కార్మికునికి జీవన వేతనంతోపాటు తీరికను, సాంఘిక సాంస్కృతిక అవకాశాలను సమకూర్చవలెనని రాజ్యానికి ఆదేశం ఉన్నది. తీరిక అన్న పదం ఆ మహాశాసనంలో ఊరక పడినది కాదు. నాట్లు వేసే స్త్రీలు, దంపుళ్లు దంచే స్త్రీలు పనిలోనే పాట కట్టుకొన్నారు; పని వేగం వారి చేతిలో ఉండినది. మరమగ్గాల హోరులో పాట వినబడదు. అక్కడ పాటకూ పుస్తకానికీ పని విడిచిన తరువాతి గంటలే గతి. బొంబాయి మిల్లుల పేటలలో తమాషాలు, లావణీలు, షాయిరుల పోవాడాలు వెలసినవి కార్మికులు గెలుచుకొన్న సాయంకాలాలలోనే. గ్రంథాలయంలో దీపం వెలిగే వేళకు యువకుడు ఇంకా కార్యాలయంలోనే ఉన్నట్లయితే, పాఠకులు కరువయ్యారని రచయితలు సభలు చేసి వగచి ప్రయోజనం లేదు.

ఈ చర్చ ఉపన్యాస వేదికలమీదనే ఆగిపోయి ఉంటే ఉపేక్షింపవచ్చును. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల దినానికి వీలిచ్చే బిల్లు నెగ్గించి, కార్మిక సంఘాల నిరసన చూచి మే దినం నాటికి ఉపసంహరించుకొన్నది. కర్ణాటకలో అదే సంవత్సరం అటువంటి సవరణ నిలిచినది. 2025లో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కర్మాగారాలకు దినానికి పది గంటల పనిని అనుమతించినవి. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉన్నదని, మించినదానికి రెట్టింపు కూలి ఉన్నదని, అదనపు పనికి కార్మికుని సమ్మతి కావలెనని రెండు ప్రభుత్వాల పక్షాన చెప్పారు. చెప్పినది నిజమే. కాని అదనపు పని మూడు నెలలకు 144 గంటల వరకు చేయించవచ్చును. మూడు నెలలకు పదమూడు వారాలు. వారానికి పదకొండు గంటలు. నలభై ఎనిమిదికి పదకొండు కలిపితే యాభై తొమ్మిది. వాషింగ్టనులో 1919లో భారతదేశపు ఎండను సాకుగా చూపి వ్రాసిన సంఖ్య అరవై.

సమ్మతి అన్నది ఏపాటి మాటో, ఉద్యోగం కోసం గేటు బయట నిలబడినవారి వరుసను చూచినవారికి తెలుసు. 2025 నవంబరు 21న దేశమంతటా అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో, విద్యుత్తు వాడే కర్మాగారం చట్టం క్రిందికి రావడానికి పదిమంది కార్మికులు చాలునన్న పాత నియమం ఇరవై మందికి పెరిగినది. పందొమ్మిది మంది పనిచేసే షెడ్డులో గంటలను కర్మాగారాల నియమం ప్రకారం లెక్కించవలసిన పని ఇక లేదు. ఇరవై మంది ఉన్నచోట లెక్క చూడవలసిన ఉద్యోగి ఇంతకాలం ఇన్‌స్పెక్టరు. కొత్త స్మృతిలో ఆయన హోదా ఇన్‌స్పెక్టరు-కమ్-ఫెసిలిటేటరు, అనగా తనిఖీ చేసేవాడు, సౌకర్యం కూర్చేవాడు కూడా. ఆ సౌకర్యం గేటుకు ఏ వైపున ఉన్నవారికి అన్నది ఆయన వ్రాసే మొదటి కొన్ని నివేదికలలో కనబడగలదు.